పాత ప్లేటు మీద ‘రేడియోలో వేయరాదు’ అని ఎందుకు రాశారు?

చెర్రీ హిల్ సుజాత

అందరికీ నమస్కారం. మాది న్యూజెర్సీలో చెర్రీ హిల్. పోయిన ఆదివారం సంతలో ఒక పెద్దాయన అట్టపెట్టె నిండా పాత గ్రామఫోను ప్లేట్లు పెట్టుకుని కూర్చుంటే, మూడు డాలర్లిచ్చి నాలుగు తెచ్చుకున్నాను. నిజానికి కుక్క బొమ్మ చూసి ఆగాను. తెనాలిలో మా తాతయ్యగారింట్లో ఉన్నదీ అదే కుక్క, అదే బూర. కాకపోతే అక్కడ హెచ్.ఎమ్.వి. అని ఉండేది, ఇక్కడ విక్టర్ అని ఉంది. ఆ విక్టర్ ఫ్యాక్టరీ పక్కనే కామ్‌డెన్‌లో ఉండేదట. పాత భవనం గోపురం కిటికీల్లో రంగుటద్దాల కుక్కని రోజూ ఆఫీసుకెళ్తూ చూస్తాను, ఇదే ఆ కుక్క అని ఇన్నాళ్ళూ తట్టలేదు.

నాలుగింట్లో ఒకటి పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రా వాళ్ళది. నల్ల లేబుల్ మీద బంగారు రంగు అక్షరాలు. వాటి మధ్యలో చిన్నగా ‘నాట్ లైసెన్స్‌డ్ ఫర్ రేడియో బ్రాడ్‌కాస్ట్’ అని ఉంది. రేడియోలో వేయడానికి అనుమతి లేదని. ఇదేమిటో నాకు అర్థం కాలేదు. రేడియోలో పాట వస్తేనే కదా జనం ప్లేటు కొనేది? తమ సరుకు గురించి పది మందికి తెలియకూడదని కంపెనీ ఎందుకు కోరుకుంటుంది?

ఇంకో సంగతి. మా అబ్బాయికి కాలేజీ రేడియోలో గురువారం రాత్రి ఒక గంట కార్యక్రమం ఉంది. ఈ ప్లేటు వేస్తానంటున్నాడు. వేయొచ్చా?

బందరు కుర్రాడు

కాపీరైటు హెచ్చరికలా ఉందండీ. అమెరికాలో ఇలాంటి వాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది. నోటీసు వస్తే కాలేజీ వాళ్ళకి తలనొప్పి.

మెన్లో పార్క్ మాస్టారు

అమ్మా సుజాతా, అబ్బాయిని నిశ్చింతగా వేసుకోమను. ఆ హెచ్చరిక చెల్లదని 1940లోనే కోర్టు తేల్చేసింది. పైగా ఆ తీర్పు వచ్చింది నీ చేతిలో ఉన్న ఆ పాల్ వైట్‌మన్ ప్లేట్ల కేసులోనే! నీ సందేశం చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

నేను ఆకాశవాణి సాంకేతిక విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఎడిసన్ అనే ఊళ్ళో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మెన్లో పార్కులో ఎడిసన్ 1877లో సత్తు రేకు చుట్టిన గొట్టం మీద మనిషి గొంతును పట్టి మళ్ళీ వినిపించాడే, ఆ చోటికి రోజూ పొద్దున నడిచి వెళ్ళొస్తాను. ఊళ్ళో ఇంత మంది తెలుగువాళ్ళం ఉన్నాం, అక్కడ కనిపించేది మాత్రం ఇద్దరో ముగ్గురో. అందుకే ఎవరైనా పాత ప్లేటు గురించి అడిగితే నాకు ఆగబుద్ధి కాదు. పొడుగైనా చదువు.

రేడియోలో వస్తే ప్లేటు అమ్ముడుపోతుందనేది మన కాలపు లెక్క. 1920లలో లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. పిట్స్‌బర్గ్‌లో కె.డి.కె.ఎ. స్టేషను 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివింది. అక్కడి నుంచి మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి రేడియో పెట్టె లక్షల ఇళ్ళకి చేరింది. ప్లేటుకి 75 సెంట్లు పెట్టాలి, ఒక పక్క మూడు నిమిషాలకే అయిపోతుంది, తిప్పాలి, ముల్లు మార్చాలి. రేడియో అయితే ఒకసారి కొంటే చాలు, రాత్రంతా పాటే. పైగా అప్పటి ప్లేట్లు బూర ముందు అరిచి చేసినవి, రేడియోలో వచ్చేది మైకు ముందు పాడినది. వినేవాడికి తేడా తెలిసిపోయింది. 1925లో ప్లేటు కంపెనీలు కూడా మైకుతో రికార్డు చేయడం మొదలుపెట్టాయి. కొంచెం ఊపిరి వచ్చింది. ఇంతలో 1929 మాంద్యం. 1921లో పది కోట్ల డాలర్లు దాటిన ప్లేట్ల అమ్మకం 1933కి అరవై లక్షల దరిదాపుకి పడిపోయింది. ఆ 1929లోనే విక్టర్ కంపెనీని ఆర్.సి.ఎ. కొనేసింది. ఆర్.సి.ఎ. అంటే రేడియో కంపెనీ, ఎన్.బి.సి. అనే పెద్ద రేడియో నెట్‌వర్కుకి యజమాని. అలా నీ కుక్క రేడియో వాళ్ళింటికి చేరింది.

పెద్ద నెట్‌వర్కులు ప్లేట్లు వేసేవి కావు. ఎన్.బి.సి., సి.బి.ఎస్. స్టూడియోల్లో సొంత వాద్యబృందాలుండేవి, అంతా అప్పటికప్పుడు వాయించేదే. ప్లేటు వేయడమంటే వాళ్ళకి నామోషీ. 1922లో ప్రభుత్వమే పెద్ద తరగతి లైసెన్సు ఉన్న స్టేషన్లు గ్రామఫోను ప్లేట్లు వేయకూడదని నిబంధన పెట్టింది. వేసేవి చిన్న స్టేషన్లు. వాటికి వాద్యబృందాన్ని పోషించే స్తోమతు లేదు. 1935లో న్యూయార్క్ డబ్ల్యు.ఎన్.ఇ.డబ్ల్యు. స్టేషనులో మార్టిన్ బ్లాక్ అనే అనౌన్సర్, విమానాలు నడిపి పేరు తెచ్చుకున్న లిండ్‌బర్గ్ బిడ్డ హత్య కేసు విచారణ వార్తల మధ్య ఖాళీ నింపడానికి, కొట్టుకెళ్ళి ప్లేట్లు కొనుక్కొచ్చి వేశాడు. స్టేషనులో ఒక్క ప్లేటూ లేదు మరి! పెద్ద నాట్యశాలలో బృందం ఎదురుగా వాయిస్తున్నట్టే మాటలు కలిపేవాడు. జనం విరగబడి విన్నారు.

ఇప్పుడు వైట్‌మన్ వైపు నుంచి చూడు. ఆయన 1933లో ఒక జున్ను కంపెనీ పేరు మీద ఎన్.బి.సి.లో వారం వారం ప్రత్యక్షంగా కార్యక్రమం చేస్తున్నాడు. ఆయన వాద్యం కావాలంటే ప్రకటనదారు బోలెడంత డబ్బు పోయాలి. పక్క స్టేషనువాడు 75 సెంట్ల ప్లేటు కొని అదే వాద్యాన్ని పూటకి నాలుగుసార్లు ఊరికే వినిపిస్తే, ఈయనకి డబ్బు ఎవరిస్తారు? అంత పెద్ద పేరున్నవాడి సంగతే అదైతే, హోటళ్ళలో, సినిమా హాళ్ళలో, చిన్న స్టేషన్లలో వాయించి కడుపు నింపుకునే మామూలు వాద్యగాడి సంగతేమిటి? ఆ భయంలోంచి పుట్టిందే నీ లేబుల్ మీది ఆ మాట. 1930ల ప్లేట్ల మీద కనబడుతుంది.

ముందు ఒక గెలుపు కూడా ఉంది. అదీ మీ పక్క ఊళ్ళోనే. ఫ్రెడ్ వేరింగ్ అనే బృందనాయకుడు ఫిలడెల్ఫియాలోని డబ్ల్యు.డి.ఎ.ఎస్. స్టేషను మీద కేసు వేస్తే 1937లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. వాయించే తీరులో వాద్యగాడి సొంత సృష్టి ఉంది, దాని మీద అతనికి హక్కుంది అని. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా నాన్నగారు గుర్తొస్తారు.

మూడేళ్ళు తిరక్కుండానే న్యూయార్క్‌లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసినంత పని చేసింది. అక్కడ వైట్‌మనూ ఆర్.సి.ఎ.నూ హక్కు నాదంటే నాదని ఇద్దరూ వాదించారు. లర్నెడ్ హ్యాండ్ అనే న్యాయమూర్తి ఇద్దరికీ లేదన్నారు. ఆయన తీర్పు నాకు అర్థమైన మేరకు: ప్లేటు అమ్మినప్పుడే నీ హక్కు అయిపోయింది, కొన్నవాడు దాన్ని ఏం చేసుకోవాలో లేబుల్ మీద రాసి కట్టడి చేయలేవు. ఆవుని అమ్మేసి, ‘పాలు మీరు తాగడానికే, అమ్మడానికి కాదు’ అని దాని మెడలో బిళ్ళ కట్టినట్టు అన్నమాట. సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అంతే, ఊరూరా స్టేషన్లు ధైర్యంగా ప్లేట్లు వేయడం మొదలుపెట్టాయి.

తర్కం బాగానే ఉంది, కాదనను. కానీ ఆవు పాలు ఆవే ఇస్తుంది. ఈ ప్లేటులో పాలు ఇచ్చింది మనుషులు.

తర్వాత జరిగింది సమ్మె. వాద్యకళాకారుల సంఘానికి అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో, షికాగో మనిషి. 1942 ఆగస్టు 1 నుంచి సంఘంలోని ఒక్క వాద్యగాడూ రికార్డింగుకి వెళ్ళకూడదని ఆజ్ఞ. రేడియో, నాణెం వేస్తే ప్లేటు పాడే జూక్‌బాక్సు మా పొట్ట కొడుతున్నాయి, అమ్మిన ప్రతి ప్లేటు మీదా ఇంత అని నిధికి జమ చేయండి, దాంతో పని పోయినవాళ్ళకి పని కల్పిస్తాం అని. దేశం యుద్ధంలో ఉంది, పత్రికలన్నీ పెట్రిల్లోని తిట్టాయి, రూజ్‌వెల్టే స్వయంగా అడిగినా ఆయన వినలేదు. డెక్కా కంపెనీ 1943లో దిగొచ్చింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా బిగపట్టాయి. గాయకులు సంఘంలో లేరు కాబట్టి, ఫ్రాంక్ సినాట్రా వెనక వాద్యాలు లేకుండా గొంతుల బృందాన్నే పెట్టుకుని పాడాడు. ఆ రెండేళ్ళ నష్టం డబ్బుది కాదు. చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ కలిసి ఎర్ల్ హైన్స్ బృందంలో కొత్త రకం జాజ్‌కి ప్రాణం పోస్తున్న రోజులవి. ఆ బృందం ఎలా వినిపించేదో ఒక్క ప్లేటూ లేదు. విన్నవాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటు అదీ పోయింది. అయినా సమ్మె తప్పని నేననను.

మా నాన్నగారు నాటకాల్లో హార్మోనియం వాయించేవారు. ఒకసారి మద్రాసు తీసుకెళ్ళి పద్యాల ప్లేట్లకి వాయింపించుకుని, రోజుకూలీ ఇచ్చి పంపించేశారట. తర్వాత ఇరవై ఏళ్ళు మా ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా మైకుసెట్టు అబ్బాయి ఆ ప్లేటే వేసేవాడు. నాన్నగారు అరుగు మీద కూర్చుని వేళ్ళు ఆడించేవారు. లేబుల్ మీద పాడినాయన పేరుంది, నాన్నగారి పేరు లేదు.

మెంఫిస్ నుంచి

మాస్టారు చాలా మంచి విషయాలు చెప్పారు. నాదొక్క మాట. రేడియో వాద్యగాళ్ళ పొట్ట కొట్టిందన్నది పెద్ద ఊళ్ళలో తెల్లవాళ్ళ బృందాల విషయంలో నిజం. నల్లజాతి వాళ్ళకి నెట్‌వర్కుల స్టూడియోల్లోకి అడుగుపెట్టే దారే దాదాపు లేదు. చాలా నగరాల్లో వాద్యకళాకారుల సంఘం శాఖలు కూడా రంగును బట్టి వేరు వేరు. పోయే ఉద్యోగం ముందు ఉంటే కదా!

వాళ్ళకి రేడియో తలుపు తెరిచింది చిన్న స్టేషన్లలోనే. 1941లో ఆర్కన్సాలోని హెలెనా అనే చిన్న ఊళ్ళో పిండి అమ్ముకోవడానికి మధ్యాహ్నం పూట బ్లూస్ కార్యక్రమం పెట్టారు, సన్నీ బాయ్ విలియమ్సన్ హార్మోనికా వాయించేవాడు. పొలాల్లో పనిచేసేవాళ్ళు అన్నం వేళకి వినేవాళ్ళు. ఇక మా ఊరి డబ్ల్యు.డి.ఐ.ఎ. యజమానులు తెల్లవాళ్ళే, స్టేషను నడవక మూసేసే స్థితిలో 1948లో నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయుణ్ణి మైకు ముందు కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండా స్టేషనంతా నల్లజాతి శ్రోతల కోసమే అయిపోయింది. బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ అక్కడ టానిక్కు ప్రకటన పాడుతూ పైకొచ్చినవాడే. 1954కి అది యాభై వేల వాట్ల స్టేషను. వాళ్ళ ప్లేట్లు అక్కడ పడకపోతే ఆ పాటలు మిసిసిపీ దాటేవి కావు. నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. బీల్ వీధిలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ స్టేషను పేరు ఇంట్లో మనిషి పేరులా చెబుతారు.

హైదరాబాద్ ఎఫ్.ఎమ్.

నేను ఏడేండ్లు ఎఫ్.ఎమ్.ల పని చేసిన. మాస్టారూ, ఒకటి అడుగుత. ఇప్పుడు కంపెనీలే స్టేషన్ల చుట్టూ తిరుగుతయి, మా పాట వెయ్యండని. మరి ఎప్పుడు మారింది ఈ లెక్క? రేడియో ఉచితంగ ప్రచారం ఇస్తున్నప్పుడు పైసలు కూడ ఎందుకు ఇయ్యాలె?

మెన్లో పార్క్ మాస్టారు

మెంఫిస్ వారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను నాన్నగారి వైపు నుంచి చూసి రాశాను, ఆ కోణం వదిలేశాను. వారికి ధన్యవాదాలు.

హైదరాబాద్ తమ్ముడూ, లెక్క మారింది యుద్ధం తర్వాత. 1942లో లాస్ ఏంజిలిస్‌లో కాపిటల్ అనే కొత్త కంపెనీ పుట్టింది. స్థాపించిన ముగ్గురిలో గ్లెన్ వాలిక్స్‌కి సొంతంగా ప్లేట్ల దుకాణం ఉంది. రేడియోలో ఏ పాట పడితే మర్నాడు కొట్లో ఏది అడుగుతున్నారో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి తెలియకుండా ఉంటుందా? కాపిటల్ వాళ్ళు అనౌన్సర్లకి ప్లేట్లు ఊరికే పంచిపెట్టారు. తర్వాత టీవీ వచ్చి నాటకాలనీ, తారలనీ, ప్రకటనదారులనీ ఎత్తుకుపోయింది. రేడియోకి మిగిలింది ప్లేట్లే. 1932లో ‘వేయొద్దు’ అని రాసిన పరిశ్రమే 1950లలో ‘వేయండి బాబూ’ అని కవర్లలో డబ్బు పెట్టి ఇచ్చింది. దాన్నే పేయోలా అన్నారు. 1959, 60లో అమెరికా కాంగ్రెసు విచారణ జరిపింది, దొంగచాటుగా డబ్బు తీసుకుని పాట వేయడం నేరమని చట్టం చేసింది. రాక్ అండ్ రోల్‌ని తెల్లపిల్లల చెవిన వేసిన అలన్ ఫ్రీడ్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1962లో నేరం ఒప్పుకుంటే కోర్టు వేసిన జరిమానా మూడు వందల డాలర్లు. మనిషి మాత్రం 1965లో నలభై మూడేళ్ళకే పోయాడు.

ఇక ప్రచారం సంగతి. పాట రాసినవాడికి రేడియో ఎప్పటి నుంచో డబ్బు కడుతోంది. 1914లో పుట్టిన ఆస్కాప్ అనే పాటల రచయితల, స్వరకర్తల సంఘం వసూలు చేసేది. 1941లో రేట్ల దగ్గర బెడిసి, రేడియోలు ఆస్కాప్ పాటలన్నీ మానేసి, ఎనభై ఏళ్ళ కిందటి స్టీఫెన్ ఫాస్టర్ పాటలు పదే పదే వేసుకున్నాయి. అయినా చివరికి కట్టక తప్పలేదు. ప్రచారమే కూలీ అయితే రాసినవాడికి మాత్రం ఎందుకు కడుతున్నట్టు? ‘రెస్పెక్ట్’ పాట ఓటిస్ రెడ్డింగ్ రాశాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడి దాన్ని తనదిగా చేసేసుకుంది. అమెరికా రేడియోలో ఆ పాట వచ్చిన ప్రతిసారీ రాసినవాడి లెక్కలో డబ్బు పడుతుంది. పాడిన అరీతాకి, వెనక వాయించినవాళ్ళకి ఒక్క సెంటు కూడా లేదు. ఇప్పటికీ అంతే. యాంటెన్నాతో నడిచే ఎ.ఎమ్., ఎఫ్.ఎమ్. స్టేషను పాడినవాళ్ళకి కట్టక్కర్లేదు.

రికార్డింగుకంటూ అమెరికా కేంద్ర చట్టంలో కాపీరైటు వచ్చిందే 1972 ఫిబ్రవరి 15న. అదీ దొంగ కాపీలు తీయకుండా మాత్రమే, రేడియో వాడకానికి కాదు. 1995లో ఇంటర్నెట్, ఉపగ్రహ రేడియోల లాంటి డిజిటల్ ప్రసారాలకి మాత్రం కట్టాలన్నారు. ఎఫ్.ఎమ్. వాళ్ళకి బలమైన సంఘం ఉంది, ప్రతి కాంగ్రెసు సభ్యుడి నియోజకవర్గంలోనూ ఒక స్టేషను ఉంది, అందుకని ఎన్నిసార్లు బిల్లు వచ్చినా అక్కడే ఆగిపోతోంది. అమెరికా ఇవ్వదు కాబట్టి, చాలా దేశాలు తమ రేడియోల్లో వచ్చే అమెరికా గాయకుల వాటాను వాళ్ళకి ఇవ్వకుండా నిలిపేస్తూ వచ్చాయి. లర్నెడ్ హ్యాండ్ తీర్పు నీడ అంత దూరం పడింది.

డిజిటల్‌లో వసూలైన దానిలో సగం రికార్డు యజమానికి, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 5 శాతం పక్కవాద్యాల వాళ్ళకి, పక్కన గొంతు కలిపేవాళ్ళకి. ఆ ఐదు శాతం అనే అంకె మొదటిసారి చదివిన రోజు నేను మా అబ్బాయిని పిలిచి చూపించాను.

చెర్రీ హిల్ సుజాత

మాస్టారూ, మీ జవాబులు మా ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. కాలేజీ స్టేషను యాంటెన్నాతో పాటు నెట్‌లో కూడా వస్తుందట. మరి దానికి?

ప్లేటు మట్టి కొట్టుకుని ఉంది, దేనితో తుడవాలి? స్పిరిట్ ఉంది ఇంట్లో.

ఏటికొప్పాక

అక్కా, స్పిరిట్ వద్దు! ఆ కాలం ప్లేట్లు లక్కతో చేసినవి. మేము తరతరాలుగా లక్క బొమ్మలు చేసేవాళ్ళం, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుందని మా ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఈ అమెరికా ప్లేట్లకి లక్క వెళ్ళింది ఎక్కువగా మన దేశం అడవుల నుంచే, ఛోటా నాగ్‌పూర్ వైపు నుంచి. యుద్ధంలో ఓడలు రాక 1942లో అక్కడ ప్లేట్లకి వాడే లక్కలో 70 శాతం కోత పెట్టారని, పాత ప్లేట్లు తిరిగిస్తే కరిగించి కొత్తవి చేసేవారని చదివాను. నీది అలా కరగకుండా మిగిలిందన్నమాట.

మెన్లో పార్క్ మాస్టారు

తమ్ముడు సరిగ్గా సమయానికి చెప్పాడు. గోరువెచ్చని నీళ్ళలో ఒక్క బొట్టు గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి గుడ్డ, గాడి వెంటే గుండ్రంగా తుడువు. లేబుల్ తడవనీయకు. ఎండలో పెట్టకు, వంగిపోతుంది. ఎల్పీ ముల్లుతో వేయకండి, ఆ ముల్లు ఈ గాడికి మరీ సన్నం, అడుగున దేకుతూ బరబరమంటుంది. నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరిగే ఈ పాత ప్లేట్లకి వేరే ముల్లు దొరుకుతుంది, మూడు మిల్ అని అడగమను.

నెట్‌కి వేరే లెక్క ఉంది. 2018లో వచ్చిన చట్టంతో 1972కి ముందువి కూడా డిజిటల్ చెల్లింపు కిందికి వచ్చాయి. స్టేషను వాళ్ళు ఏడాదికింతని కట్టే ఉంటారు, ఒకమాట అడగమను. నీది 1934 ప్లేటనుకుంటే 2035 జనవరి 1 దాకా దానికి రక్షణ ఉంది. అంటే అబ్బాయి గురువారం ఒకే పాట వేస్తే యాంటెన్నా దారిలో వైట్‌మన్ పక్కన వాయించినవాళ్ళకి ఏమీ లేదు, నెట్ దారిలో మాత్రం కొంచెం లెక్కలో పడుతుంది.

ఎన్ని గంటలకో చెప్పమ్మా. నేను నెట్‌లో వింటాను.

చెర్రీ హిల్ సుజాత

గురువారం రాత్రి తొమ్మిదికి, మాస్టారూ. లింకు మీకు విడిగా పంపిస్తాను. పాట వేసేముందు వాడు లేబుల్ మీది ఆ మాట చదువుతాడట.